చేతిపనులు: బొమ్మకు మట్టి కలపడం

దసరాకు తమిళనాట ఉన్న మన ఇళ్లలోను, సంక్రాంతికి యానాం వైపు ఇళ్లలోను బొమ్మల కొలువు పెట్టడం ఉన్నదే. కొన్ని బొమ్మలైనా పిల్లలచేత చేయించి, కుమ్మరి ఆవంలో కాల్పించాలని ముచ్చటపడే సోదరీమణులు చాలామంది ఉన్నారు. మంచి ముచ్చటే. కాని ముక్కూ చెవులూ దిద్దడానికి ముందు మట్టి కలపడం తెలియాలి. ఆవంలో మన బొమ్మ ఒక్కటే ఉండదు గదా! కుమ్మరి కుండలూ ఉంటాయి. మన బొమ్మ పేలితే ఆ పెంకులు తగిలి పక్కనున్న కుండలు పగులుతాయి. ఆయన మొగమాటపడి ఊరుకోవచ్చు. నష్టం మాత్రం ఆయనదే. మరుసటి యేడు మన పిల్లల బొమ్మలకు ఆ ఆవంలో చోటు దొరకడం కష్టం.

ఇన్ని పాళ్లు ఇది, ఇన్ని పాళ్లు అది అని లెక్క వ్రాయమంటే వ్రాయవచ్చు గాని, అది అన్ని ఊళ్ల మట్టికీ సరిపోదు. షోలాపూరు పక్క నల్లరేగడి నీరు తాగి ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో ఆ పొలాలు చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. అదొక్కటే తెచ్చి బొమ్మ చేస్తే నిలవదు. బెంగుళూరు ఎర్రమన్నుకు సాధారణంగా జిగి చాలదు. చెరువు అడుగుమట్టి చేరితే గాని చేతికి లొంగదు. యానాం వారికి గోదావరి ఒండ్రు ఉన్నది, అందులోనూ ఇసుక పాలు చోటునుబట్టి మారుతుంది. కనుక మీ మట్టిని మీరే పరీక్షించుకోవాలి.

ముద్దను చిటికెనవేలంత లావు పురిగా చేసి చూపుడువేలికి చుట్టి చూడండి. పెద్ద పగుళ్లు లేకుండా చుట్టుకుంటే జిగి చాలినట్లే. ఆ తరువాత, ఎంత కుదించుకుపోతుందో చూడాలి. 14 సెంటీమీటర్ల పొడవు బిళ్ల ఒకటి చేసి, పచ్చిగా ఉండగానే దానిమీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. నీడన ఆరిన తరువాత కొలవండి. తగ్గిన ప్రతి మిల్లీమీటరూ నూటికి ఒకటి అన్నమాట. 5, 6 వరకు ఫరవాలేదు. 8 దాటితే జిగి మితిమీరినట్లు.

మూడవది సున్నం. చెరువుమట్టిలో, రేగడిలో తెల్లని సున్నపు గుల్లలు కనిపిస్తాయి. పొడిమట్టి మీద నిమ్మరసం పిండండి; బుసబుస పొంగితే సున్నం ఉన్నట్లే. ఈ గుల్లలు మహా మోసకారివి. ఆవంలో కాలి కాల్చిన సున్నమవుతాయి. బొమ్మ చక్కగా వచ్చిందని అలమరలో పెట్టుకుంటాము. గాలిలోని తేమ పీల్చి గుల్ల ఉబ్బుతుంది, కొన్నాళ్లకు బొమ్మ బుగ్గమీద పెచ్చు లేచిపోతుంది!

అందుకని మట్టిని ముందు బాగా ఎండబెట్టి, చితక్కొట్టి, తొట్టిలో నానవేయండి. తడిమట్టికంటె పూర్తిగా ఎండిన మట్టి త్వరగా విచ్చుకుంటుంది. పల్చగా కలిపి దోమల జాలీలో వడపోస్తే గుల్లలు, వేళ్లు, రాళ్లు పైన నిలిచిపోతాయి. పేరుకున్నాక పైనీరు వంచివేసి, ముద్దను ఇటుకలమీద గుడ్డ పరచి ఆరవేయండి.

ఇప్పుడు బొమ్మకు బలమిచ్చే పాలు కలపాలి. 10 పాళ్ల మట్టికి 2 పాళ్ల పెంకుపొడితో మొదలుపెట్టండి. పెంకుపొడి అంటే పగిలిన కుండపెంకులు దంచి జల్లించినది. అది ఒకసారి కాలి కుదించుకున్నదే గనుక మళ్లీ కుదించుకోదు. ఇసుకా పనికివస్తుంది గాని, 573 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఇసుకరేణువు ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. మంట నెమ్మదిగా పెంచకపోతే చిక్కు. సముద్రపుటిసుక మాత్రం వద్దు సుమా! ఉప్పు తెల్లగా పైకి పూస్తుంది. పుదుక్కోట వైపు అయ్యనారు గుళ్లముందు మట్టిగుర్రాలు చూచే ఉంటారు. అంత పెద్దవి నిలవడానికి అక్కడి కుమ్మరులు మట్టిలో ఇసుక, ఊక కలిపి, బొమ్మను లోపల బోలుగా కడతారు. ఊక కాలిపోయి సన్నని రంధ్రాలు విడుస్తుంది.

మట్టిలో గాలి ఉంటే బొమ్మ పేలుతుందని అందరూ అంటారు. గాలి పగుళ్లు తెస్తుంది, నిజమే, అందుకే గట్టిగా మర్దించాలి. కాని పేల్చేది తడి. మందమైన ఒంటిలో మిగిలిన నీరు ఆవిరై దారి దొరక్క పేలుతుంది. రెండు వేళ్ల మందం దాటిన భాగాన్ని లోపల తొలిచి, అడుగున చిల్లు పెట్టండి. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్లే.

ఇక పూత. చేతులూ తోకా అతికించడానికి అదే మట్టిని పెరుగులా చిక్కగా కలిపి, రెండువైపులా గీతలు గీచి, రాసి అదమాలి. వేరే మట్టి వాడితే అతుకు దగ్గర విడిపోతుంది. రంగుపూతకు ఎరుపైతే జాజు ఉన్నది. తెలుపే కొంచెం గడుసు. ఒట్టి చీనామట్టి తక్కువగా కుదించుకుంటుంది, సరిగా పట్టదు, పొరలుగా రాలుతుంది. జిగిగల తెల్లమట్టి కొంత కలిపి, బొమ్మ తోలులా బిగిసి ఇంకా తడి ఆరకముందే పూయాలి. అచ్చుల్లో పోసే పల్చని మట్టి సంగతి వేరు. అందులో నీరు పెంచరు, ఎండుమట్టి బరువుకు నూటికి అరవంతుకు మించకుండా సోడియం సిలికేట్ కలుపుతారు. కొలువు బొమ్మలకు అంత హంగు అక్కరలేదు.

బొమ్మలకు ముందు ఆ గీత గీచిన బిళ్లనే, సగానికి తెల్లపూత పూసి, బాగా ఆరిన తరువాత కుమ్మరి నడిగి ఆవంలో ఒక మూల పెట్టించండి. వచ్చాక నెల్లాళ్లు ఇంట్లో ఉంచి చూడండి. పూత రాలినా, సున్నం పెచ్చు లేచినా ఈలోగా తెలిసిపోతుంది. దసరాకు బొమ్మలు కావాలంటే జ్యేష్ఠంలోనే మట్టి నానవేయాలి. సంక్రాంతి వారికి ఇంకా వ్యవధి ఉన్నది.