మేడమీద చేపలతొట్టి

పట్టణపు పాఠశాలకు తోట కావలయుననినచో స్థలమెక్కడనని అడుగుదురు. ఈ ప్రశ్నకు ఆక్వాపోనిక్స్ అను పద్ధతిని నేడు ప్రత్యుత్తరముగా చూపుచున్నారు. ఒక తొట్టిలో చేపలు. ప్రక్కన గులకరాళ్లు నింపిన మడిలో కూరమొక్కలు. నీరు మడికి పోయి మరల తొట్టికి వచ్చుచుండును. మన్ను అక్కరలేదు. ఇది మన విద్యార్థులకు నేర్పదగినదే యని మా అభిప్రాయము. అయితే, తొట్లు అమ్మువారు చెప్పు కారణముచేత గాదు.

చేపల విసర్జనమే మొక్కలకు ఎరువని వారందురు. ఇందు సగమే సత్యము. చేపలు మొప్పలగుండ విడుచు అమ్మోనియా చేపలకే విషము. దానిని ఒక జాతి బాక్టీరియా నైట్రైటుగను, మరియొక జాతి నైట్రేటుగను మార్చవలెను. ఈ సూక్ష్మజీవులు రాళ్లపై స్థిరపడుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. తొట్టి కొన్ననాడే చేపలను నింపినవారు తరచుగా కొలదిదినములలోనే వానిని పారవేయవలసి వచ్చును. కంటికి కనబడని ఆ పనివారికొరకు వేచియుండి, నీటిని దినదినము పరీక్షించి వ్రాసికొనుటయే ఇందలి పాఠము. అమ్మోనియా పెరిగి తగ్గును. పిదప నైట్రైటు పెరిగి తగ్గును. కడపట నైట్రేటు నిలుచును. నైట్రోజన్ చక్రమును బొమ్మగీచి వల్లించిన బాలుడు దానిని తన చేతివ్రాత అంకెలలో చూచును.

లాభము మాట వేరు. మంచినీరు అరుదైన వర్జిన్ దీవులలో, అచ్చటి విశ్వవిద్యాలయమున, జేమ్స్ రాకోసీ 1980 తరువాతి సంవత్సరములలో తిలాపియా చేపలతో లెట్యూస్ మొదలగునవి పండించి దారి చూపెను. అచ్చటను ఇనుము, పొటాసియము, కాల్షియము పైనుండి కలుపవలసియే వచ్చెను. అమెరికాలోని మిల్వాకీ నగరమున విల్ అలెన్ 1993వ సంవత్సరమున స్థాపించిన గ్రోయింగ్ పవర్ సంస్థ చేపలను, కూరలను కలిపి పెంచి మిక్కిలి పేరొందెను. 2017లో ఆర్థికపు చిక్కులవలన మూతబడెను. అచ్చట పని నేర్చినవారి విద్య మాత్రము మూతబడలేదు. కనుక దీనిని బడిగా ఎంచుడు, అంగడిగా ఎంచకుడు.

ఇంట కూర పండింప గోరు తలిదండ్రులకు మేము చెప్పునది మరియొకటి. పాత బకెట్టులో మన్ను, పశువుల ఎరువు కలిపి తోటకూరయో బచ్చలియో వేసికొనుడు. కరెంటు పోయినను దానికి ముప్పు లేదు. చేపలతొట్టికో, వేసవిలో నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గియుండగా మోటారు ఆగినచో, కొన్ని గంటలే గడువు.

“చదువుటకు పంపితిమి గాని చేపలు పెంచుటకా?” యని కొందరడుగవచ్చును. నీటిలోని ఆమ్లక్షారముల కొలత, మేత తూకము, అంకెల పట్టిక చదువు గాక మరేమి?

ఇక మిగిలినది వేసవి సెలవుల చిక్కు. ఆ దినములలో మేత వేయుటకు, నీరు చూచుటకు ఏ దినమున ఎవరు వత్తురో పట్టిక వ్రాయవలెను. పేళ్లన్నియు నిండిన తరువాతనే తొట్టి కొనవలెను.