రింగుల జుట్టుకి పద్ధతి నేర్పకండి

ఈ మధ్య మెస్సీ బన్ అనే మాట ఇంటింటికీ వచ్చేసింది. ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒక అమ్మాయి జుట్టు పైకెత్తి, చుట్టి, నాలుగు పాయలు చెంపల మీదికి లాగి, "చూశారా, రెండే నిమిషాలు" అంటుంది. నిజమే, ఆ ముడికి రెండే నిమిషాలు. కానీ వీడియో మొదట్లో ఏం చేసిందో చూడండి. ఆ అమ్మాయిది సాఫీ జుట్టు. కర్లింగ్ రాడ్‌తో ముందు దాన్ని వంకీలు తిప్పుతుంది, పట్టు దొరకాలని ఏదో స్ప్రే కొడుతుంది, ముడి ఆ తర్వాత. ముప్పావుగంట కష్టపడి, ఏమీ కష్టపడనట్టు కనిపించడం అన్నమాట!

పుట్టుకతోనే ఆ వంకీలూ, ఆ పట్టూ ఉన్న పిల్లలు మన ఇళ్ళలో ఎంతమంది లేరు? వాళ్ళని మాత్రం పొద్దున్నే మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, గిన్నెడు కొబ్బరినూనె పట్టించి, సన్నపళ్ళ దువ్వెనతో బరబరా దువ్వి, నున్నగా రెండు జడలు బిగించి బడికి పంపడం మన ఆనవాయితీ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రింగుల జుట్టుకి వదులుగా, కాస్త చెదిరినట్టుండే ముడులూ జడలే సరైనవి. ఫ్యాషన్ కాబట్టి కాదు, ఆ జుట్టు తీరే అంత. దాన్ని నున్నగా చేసి తీరాలని పట్టుబడితే జుట్టూ పాడవుతుంది, అద్దం ముందు నిలబడ్డ పిల్ల మనసూ పాడవుతుంది.

అసలు ఈ జుట్టు ఎందుకిలా ఉంటుందో తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది. వెంట్రుక మొలిచే కుదురు చర్మం లోపల తిన్నగా ఉంటే సాఫీ జుట్టు వస్తుంది, కుదురే వంపు తిరిగి ఉంటే వెంట్రుక మెలికలు తిరిగి వస్తుంది. పైన ఎంత దువ్వినా లోపలి అచ్చు మారదు. మాడు మీద ఊరే నూనె సాఫీ వెంట్రుక మీద జారినట్టు ఈ మెలికల మీద కిందికి జారదు. అందుకే మాడు జిడ్డుగా ఉన్నా చివర్లు పీచులా ఉంటాయి. ఇక పొడిగా ఉన్నప్పుడు దువ్వామంటే, నలభై యాభై వెంట్రుకలు కలిసి ఒక రింగుగా ఉన్నవి కాస్తా విడిపోయి, దేనికది లేచి నిలబడుతుంది. మనం చింపిరి జుట్టు అని తిట్టేది చాలావరకు దువ్వెన చేసిన నిర్వాకమే. గాలిలో తేమ ఎక్కువైతే ఇంకా ఉబ్బుతుంది. మా పుట్టింటికి కాకినాడ వెళ్ళినప్పుడల్లా మా అమ్మాయి తల ఒక చుట్టు పెరుగుతుంది, హైదరాబాద్ రాగానే మళ్ళీ దిగుతుంది. (ఇక్కడి బోరు నీళ్ళకి వచ్చే గరుకుదనం వేరే కథ, అది ఇంకోసారి.)

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మా అత్తగారి జుట్టు యథాతథంగా దానికి దిగింది. పోయిన ఏడాది బళ్ళో ఒక టీచరుగారు దాన్ని వరసలోంచి బయటికి పిలిచి, "మీ ఇంట్లో దువ్వెన లేదా?" అన్నారట. పిల్లలంతా నవ్వారట. సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం "అమ్మా, నా పుట్టినరోజుకి డ్రెస్ వద్దు, జుట్టు స్ట్రెయిట్ చేయించు" అంది. పద్నాలుగేళ్ళ పిల్ల డ్రెస్ వద్దందంటే ఏదో జరిగిందని ఏ తల్లికైనా అర్థమవుతుంది. బుజ్జగిస్తే అప్పుడు బయటపడింది.

మర్నాడు వెళ్ళి క్లాసు టీచరుతో మాట్లాడాను. బడి నియమాన్ని నేను తప్పుపట్టడం లేదు. నలభైమంది పిల్లలు పక్కపక్కన కూర్చునే చోట జుట్టు అల్లుకునే రావాలి, లేకపోతే పేలు ఒక తల నుంచి ఇంకో తలకి పాకుతాయి. అల్లుకుని రమ్మనడం న్యాయమే. నున్నగా లేదని నలుగురిలో అనడమే అన్యాయం. ఆవిడ మంచావిడే, విన్నారు. వదులు జడలకి ఒప్పుకున్నారు. కానీ మిగతా పిల్లల సంగతి? తల్లి వెళ్ళి మాట్లాడే వీల్లేని ఇళ్ళ సంగతి?

ఇందులో విచిత్రం చూడండి. మన పాత కావ్యాల్లో అందమైన స్త్రీకి వాడిన మాటల్లో కుటిలాలక ఒకటి. వంకులు తిరిగిన ముంగురులు కలది అని అర్థం. ఆ ముంగురులకే అలకలు అని పేరు. అంటే మన భాష ఈ జుట్టుని నెత్తిన పెట్టుకుంది. గోడమీది క్యాలెండర్లో లక్ష్మీదేవికి భుజాల మీద అలలు అలలుగా జుట్టు వేస్తే దణ్ణం పెట్టుకుంటాం. 2011లో 'అలా మొదలైంది'లో నిత్యా మీనన్‌ని, 2015లో మలయాళం 'ప్రేమమ్'లో అనుపమా పరమేశ్వరన్‌ని చూసి, ఆ జుట్టు ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోయినవాళ్ళం మనమే. అదే జుట్టు మన ఇంట్లో పిల్లకి ఉంటే పిచ్చుక గూడు!

ఈ మాటల వెనక పెళ్ళి ఉంది, అది దాచుకోవడం ఎందుకు. "ఇప్పట్నుంచే ఏదో ఒకటి చేయించండి, పెళ్ళిచూపుల నాటికి దారిలోకి వస్తుంది" అని మా బంధువుల్లో ఒక పెద్దావిడ నాకు సలహా ఇచ్చారు. ఆ ఏదో ఒకటి ఏమిటో కాస్త తెలుసుకుందాం. వెంట్రుకలోని కెరటిన్‌ని పట్టి ఉంచే గంధకపు బంధాలుంటాయి, వాటిని రసాయనంతో తెంపి, జుట్టుని తిన్నగా పెట్టి మళ్ళీ అతికించడమే శాశ్వత స్ట్రెయిటెనింగ్. బంధం తెంచాక వెంట్రుక మునుపటంత గట్టిగా ఉండదు. పైగా కొత్తగా మొలిచేది రింగులుగానే మొలుస్తుంది కాబట్టి కొన్ని నెలలకి మళ్ళీ పార్లరే గతి. కెరటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో చేసే వాటిలో కొన్నిటి నుంచి వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషులకి క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో పెట్టిన పదార్థం అది. పెద్దవాళ్ళు తెలిసి చేయించుకుంటే వాళ్ళ ఇష్టం. పద్నాలుగేళ్ళ పిల్లకి ఒక వెక్కిరింత పోగొట్టడానికి ఇది మందు కాదు.

బిగుతు జడలూ తక్కువేం కాదు. ఏళ్ళ తరబడి కణతల దగ్గర లాగి కడితే అక్కడ జుట్టు పలచబడుతుంది, మరీ ముదిరితే తిరిగి మొలవదు. నలభై దాటిన ఆడవాళ్ళ నుదుళ్ళు ఒకసారి గమనించండి, చిన్నప్పటి జడల బిగువు కొంతమందికి అక్కడే కనిపిస్తుంది.

మరి ఏం చెయ్యాలి? మొదటిది వేలుముడి. మా అమ్మమ్మ తలంటుకున్నాక జుట్టు ఆరబెట్టుకుని, పిన్నూ లేకుండా, రబ్బరు బ్యాండూ లేకుండా వేళ్ళకి చుట్టి మెడ మీద దోపేసేది. మధ్యాహ్నానికి నాలుగు పాయలు జారి చెవుల పక్కన ఊగుతుండేవి. పప్పు రుబ్బినా, బావిలో నీళ్ళు తోడినా ఆ ముడి విడేది కాదు. ఇవాళ పేరు మార్చుకుని ఫోన్లోంచి మనకి తిరిగొచ్చింది అదే. సాఫీ జుట్టు అయితే ఆ ముడి జారిపోతుంది, రింగుల జుట్టు తనని తానే పట్టుకుంటుంది. దువ్వెన ముట్టుకోకండి. వేళ్ళతోనే పోగుచేసి, రెండు మెలికలు వదులుగా తిప్పి, చివర లోపలికి దోపండి. జుట్టు మరీ ఒత్తుగా ఉంటే రెండు యు పిన్నులు చాలు. ముందు పాయలు అవంతట అవే జారతాయి, వాటిని తడిచేసి అణచకండి. కనుబొమలు పైకి లాగినట్టు అనిపిస్తే బిగించారని లెక్క, విప్పి మళ్ళీ చుట్టండి. జుట్టు విరబోసుకుని తిరగకూడదనే పెద్దలకీ దీనితో పేచీ ఉండదు, వంటింట్లో కూరలో వెంట్రుక పడుతుందన్న భయమూ ఉండదు.

కాలేజీకి వెళ్ళే పిల్లలకి సగం ముడి బాగుంటుంది. చెవుల పైనుంచి పై సగం మాత్రం తీసి క్లచ్ పెట్టి, కింది సగం వదిలేస్తే కళ్ళ మీదికి పడదు, రింగులూ దాగవు. క్లచ్ పళ్ళు పెద్దవి ఉండేలా చూడండి, సన్నవాటిలో చిక్కుకుంటే తీసేటప్పుడు ఏడుపే.

బడికి వదులు జడలు. పాపిడి తిన్నగా గీయకుండా వేలితోనే కాస్త వంకరగా తీస్తే మాడు మీద లాగుడు ఒకే గీత మీద పడదు. చెవి కింద నుంచి అల్లడం మొదలుపెట్టాలి. అల్లాక పాయల్ని వేళ్ళతో కొంచెం వెడల్పు చేస్తే జడ లావుగా, మెత్తగా కనిపిస్తుంది. వేసవిలో ఇదే జడని ఒక పక్కకి వేసి మూర మల్లెపూలు పెడితే పిన్ను లేకుండా దండ నిలుస్తుంది.

పెళ్ళిళ్ళ గురించి ఒక మాట. మా అన్నయ్య కూతురి పెళ్ళికి వచ్చిన మేకప్ అమ్మాయి, దాని రింగుల జుట్టుని ముందు ఇస్త్రీ పెట్టినట్టు సాఫీ చేస్తానంది. చేసి, ముఖం పక్కన మాత్రం రాడ్‌తో రెండు రింగులు తిప్పుతుందట! మా వదిన గట్టిమనిషి కాబట్టి కుదరదు పొమ్మంది. పూలజడకి లావు రావాలని అందరూ సవరం కొంటారు, మా పిల్లకి ఆ ఖర్చే లేకపోయింది. ముహూర్తం అయ్యేసరికి ముందు పాయలు జారి చెంపల మీద ఆడుతున్నాయి. ఫోటోల్లో అన్నిటికన్నా బాగా వచ్చినవి అవే.

ఈ ముడులన్నీ కుదరాలంటే కడిగే రోజు కాస్త శ్రద్ధ పెట్టాలి. చిక్కు తీయడం తడి జుట్టుకే, కండిషనర్ ఉండగానే, వేళ్ళతో గానీ వెడల్పు పళ్ళ దువ్వెనతో గానీ చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. టర్కీ తువ్వాలుతో రుద్దకుండా పాత నూలు పంచెతో అద్దండి. తడి మీదే అవిసెగింజల జెల్ పట్టించి, గుప్పిట్లో నలిపినట్టు పైకి ఒత్తితే రింగులు పేరుకుంటాయి. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్ళు, సన్నని సెగ మీద కలుపుతూ ఉంటే తెల్లసొనలా సాగుతుంది. వేడిగా ఉన్నప్పుడే వడకట్టండి, చల్లారిందంటే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది. డబ్బా మీద పేరు రాసి పెట్టడం మర్చిపోకండి, మా ఇంట్లో ఒకసారి అది మజ్జిగలోకి వెళ్ళబోయింది.

రాత్రి పడుకునేటప్పుడు జుట్టంతా నడినెత్తికి తెచ్చి గుడ్డ బ్యాండుతో వదులుగా ఒక చుట్టు చుట్టి, పాత పట్టు జాకెట్టు లైనింగుతో కుట్టిన గలేబు మీద పడుకుంటే పొద్దున్నకి రింగులు నలగవు. దీన్ని పైనాపిల్ అంటారని మా అమ్మాయి చెప్పింది. వాళ్ళ నాన్న మాత్రం కొబ్బరిచెట్టు అంటారు. అది "నాన్నా!" అని కసురుకుంటూనే, ఆ కొబ్బరిచెట్టు ఎంత ఎత్తుందో అద్దంలో చూసుకుని మరీ వెళ్ళి పడుకుంటుంది.