వెనుక గదిలోని చలి

విదేశాలలో స్థిరపడిన బిడ్డల వద్ద ఒక చలికాలం గడిపి వచ్చిన తల్లిదండ్రులను పలకరిస్తే, వారు ముందుగా చెప్పేది చలి గురించే. అయితే వారిని బాధించినది వీధిలోని చలి కాదు. వీధిలోకి వెళ్ళేటప్పుడు కోటు ఉంటుంది, టోపీ ఉంటుంది, చేతి తొడుగులు ఉంటాయి. ఇంటిలోని చలి, అందునా తమకు కేటాయించిన గదిలోని చలి, వారిని కుంగదీస్తుంది. ఆ మాట వారు బిడ్డలతో అనరు. తిరిగి వచ్చాక మనతో అంటారు.

గత చలికాలంలో మేము ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో, నరసరావుపేట నుండి వెళ్ళి స్థిరపడిన ఒక పరిచయస్తుల ఇంట పది రోజులు ఉన్నాము. ఈ నెల ఆ ఇంటి సంగతే వ్రాస్తున్నాము. మా పాఠకులలో అనేకుల పిల్లలు ఆ దేశంలో ఇళ్ళు అద్దెకు తీసుకుంటున్నారు, కొందరు కొనుక్కుంటున్నారు. వారు గదుల సంఖ్య చూస్తారు, బడి ఎంత దూరమో, మస్జిదు ఎంత దూరమో చూస్తారు. ఆ ఇల్లు ఎలా వెచ్చబడుతుందో చూసేవారు అరుదు. మన వైపు ఇళ్ళలో ఆ అవసరమే లేదు గనుక అది తప్పు కూడా కాదు.

ఆ ఇల్లు నూరేళ్ళు దాటిన వరుస ఇళ్ళలో ఒకటి. ఇరుపక్కలా గోడకు గోడ ఆనుకొని ఇతరుల ఇళ్ళు. 1920ల తరువాత అక్కడ కట్టిన ఇళ్ళలో సాధారణంగా రెండు పొరల ఇటుక గోడలు, మధ్య ఖాళీ ఉంటాయి. ఆ ఖాళీని ఉన్నివంటి పదార్థంతో నింపి వేడి బయటకు పోకుండా చేయవచ్చు. అంతకు ముందువి చాలావరకు తొమ్మిది అంగుళాల ఏకగోడలు. వేడి వాటి గుండా సులభంగా వెళ్ళిపోతుంది. ఇటువంటి ఇళ్ళలో వెనుక వైపు తోకలాగా పొడుచుకు వచ్చిన ఒక భాగం ఉంటుంది: కింద వంటగది, పైన ఒక పడకగది. ప్రశాంతంగా ఉంటుందని, స్నానాల గది దగ్గరని, ఆ పై గదిని డెబ్భై ఏళ్ళ తల్లిగారికి ఇచ్చారు. ఇంట్లో ఆమె కాక భార్యాభర్తలు, బడికి వెళ్ళే కుమారుడు, మూడు నెలల పాప.

అంతకు ముందు సంవత్సరమే వారు బాయిలర్ మార్పించారు. వచ్చిన పనివాడు గుమ్మంలో నిలబడి "ఎన్ని పడకగదులు?" అని అడిగాడట. మూడు అని చెప్పగానే ముప్ఫై కిలోవాట్ల బాయిలర్ ధర చెప్పాడట. అతడు మోసగాడేమీ కాడు. బిగించిన పని శుభ్రంగానే ఉంది. కాకపోతే అతడు మేడ ఎక్కి వెనుక గదిలోకి తొంగి చూడలేదు.

తల్లిగారు రెండు స్వెటర్ల మీద శాలువా కప్పుకొని మంచం మీద కూర్చొని ఉండేవారు. "చలిగా ఉందా అమ్మా?" అని మేము అడిగితే, "లేదు బాబూ, వయసు వచ్చింది గదా, అంతే" అన్నారు. మూడవ నాటికి గాని ఆమె మనసు విప్పలేదు. గ్యాస్ బిల్లు చూసి కొడుకు దిగులు పడటం ఆమె చూశారు. ఫజర్ వేళ వుజూకు కుళాయి తిప్పితే వేడినీరు రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది; అంతసేపు నీరు వృథా చేయడం ఇష్టం లేక చన్నీటితోనే వుజూ చేస్తున్నారు. కోడలు దయతో తెచ్చి ఇచ్చిన కరెంటు హీటరును, ఖర్చని రాత్రి ఆపివేస్తున్నారు. ఇంటి వారెవరికీ ఈ సంగతులు తెలియవు. మేము అంగడి నుండి ఒక చిన్న ఉష్ణమాపకం తెచ్చి ఆ గదిలో పెట్టాము. తెల్లవారుజామున పద్నాలుగు డిగ్రీలు. అదే వేళ ముందు గదిలో పందొమ్మిది. చలికాలంలో ఇంటిలోపల కనీసం పద్దెనిమిది డిగ్రీలైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది; వృద్ధులకు, పసిపిల్లలకు, రోగులకు ఇంకొంత ఎక్కువ అవసరం కావచ్చునని కూడా చెప్పింది. చలిలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. డెబ్భై ఏళ్ళ గుండెకు అది చిన్న విషయం కాదు.

ముప్ఫై కిలోవాట్ల యంత్రం ఉన్న ఇంట్లో ఒక గది ఎందుకు చల్లగా ఉండాలి?

మన అనుభవంలోని ఏసీతో పోల్చుకుంటే ఇది సులభంగా బోధపడుతుంది. ఒకే కొలతలు గల రెండు గదులలో ఒకటి కింది అంతస్తులో, మరొకటి పై స్లాబు కింద పడమటి ఎండ తగిలేలా ఉంటే, మొదటి దానికి సరిపోయిన ఒక టన్ను ఏసీ రెండవ దానికి మే నెలలో చాలదు. గది వైశాల్యం ఒకటే, గదికి చుట్టూ ఉన్నది వేరు. చలిదేశంలో ఇదే లెక్క తిరగబడుతుంది: లోపలికి వచ్చే వేడికి బదులు బయటకు పోయే వేడిని లెక్కిస్తారు.

లెక్క కష్టమైనదేమీ కాదు. బయటి గాలికి తగిలే ప్రతి గోడకు, కిటికీకి, పైకప్పుకు దాని వైశాల్యాన్ని, అది వేడిని వదిలే స్వభావాన్ని తెలిపే 'యు-వాల్యూ' అనే అంకెను, లోపలికి బయటికి గల డిగ్రీల తేడాను గుణిస్తారు. పాత ఏకగోడకు ఆ అంకె సుమారు 2. మధ్య ఖాళీని నింపిన గోడకు 0.5 చుట్టుపక్కల. తల్లిగారి గది నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. దానికి రెండు వైపులా బయటి గోడలే. కిటికీ పోను పదహారు చదరపు మీటర్లు. బయట సున్నాకు మూడు డిగ్రీల దిగువన ఉన్న రాత్రి, లోపల ఇరవై ఒకటి కావాలంటే తేడా ఇరవై నాలుగు. గోడల గుండానే దాదాపు 770 వాట్లు పోతాయి. కిటికీకి వంద, పైకప్పుకు సుమారు 115, సందుల గుండా మారే గాలికి 240. మొత్తం 1,220 వాట్లకు పైమాటే. కొడుకు, కోడలు పడుకునే ముందు పడకగది కూడా అంతే వైశాల్యం. కాని దానికి బయటి గోడ ఒకటే, పక్కలది పొరుగువారి వెచ్చని గోడ. పద్దెనిమిది డిగ్రీలు చాలనుకుంటే 760 వాట్లు సరిపోతాయి. రెండు గదులలోనూ ఒకే పరిమాణం గల రేడియేటర్ ఉంది.

అంతటితో అయిపోలేదు. బాయిలర్‌ను నడిపే థర్మోస్టాట్ కింద ముందు గదిలో ఉంది. సాయంత్రం అందరూ అక్కడే చేరతారు. తలుపు వేసి ఉంటుంది. గది ఇరవై డిగ్రీలకు చేరగానే బాయిలర్ ఆగిపోతుంది. వెనుక గది సంగతి దానికి తెలియదు. మాకు లెక్కకట్టి చూపిన మనిషి, ఆ ఇంటికంతటికీ అతి చలి రాత్రి కూడా ఏడు కిలోవాట్లు చాలునన్నాడు. ముప్ఫై కిలోవాట్ల శక్తి స్నానపు నీటిని అప్పటికప్పుడు కాచడానికి పనికి వస్తుందే గాని, చల్లని గదిని వెచ్చబరచడానికి కాదు.

ఆ మనిషిని మా ఒత్తిడి మీదనే పిలిపించారు. అతడు టేపు, కాగితం తీసుకొని రెండున్నర గంటలు ఇల్లంతా తిరిగాడు. గోడ మందం కొలిచాడు, అటక మీది ఉన్ని పొర ఎంతో చూశాడు, ప్రతి రేడియేటర్ పొడవు, ఎత్తు వ్రాసుకున్నాడు. మాకు నచ్చినది ఆ తరువాత అతడు వేసిన ప్రశ్నలు. ఈ గదిలో ఎవరు పడుకుంటారు? పగలు ఇంట్లో ఎవరుంటారు? ఎన్ని గంటలకు లేస్తారు? నీళ్ళు ఎప్పుడు ఎక్కువ వాడతారు? కోడలు నమాజు వేళలు చెప్పింది. రమజాను ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని, రానున్న కొన్నేళ్ళు అది చలికాలంలోనే వస్తుందని, సహరీకి ఇల్లంతా నాలుగు గంటలకే లేస్తుందని చెప్పింది. అతడు అదంతా శ్రద్ధగా వ్రాసుకున్నాడు. ఒక ఇంటికి వేడి ఏర్పాటు చేయడమంటే ఆ ఇంటి దినచర్య తెలుసుకోవడమే అన్నట్లుంది అతని పద్ధతి.

గోడవారనున్న బీరువాను జరిపినప్పుడు మేమందరమూ నిశ్చేష్టులమయ్యాము. వెనుక గోడంతా నల్లని బూజు. చలిగాలి రాకుండా తల్లిగారు గోడలోని గాలిరంధ్రాన్ని గుడ్డతో మూసివేశారు. మనుషుల ఊపిరిలోని తేమ, ఆరబెట్టిన బట్టల తేమ, కింది వంటగది ఆవిరి చల్లని గోడ మీద చేరి నీరై, నీరు బూజై పోయింది. పాపను పగటిపూట నిద్రపుచ్చేది ఆ గదిలోనే.

ఇక్కడ ఒక పసివాని పేరు చెప్పక తప్పదు. అవాబ్ ఇస్‌హాక్. సూడాన్ నుండి వచ్చిన దంపతుల బిడ్డ. 2020 డిసెంబరులో, రోచ్‌డేల్ పట్టణంలోని ఒక అద్దె ఫ్లాటులో నివసిస్తూ, రెండేళ్ళ వయసులో కన్నుమూశాడు. ఇంటిలోని బూజుకు దీర్ఘకాలం గురికావడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. తండ్రి 2017 నుండే ఫిర్యాదు చేస్తూ వచ్చాడు. ఇంటి యాజమాన్యమేమో ఆ కుటుంబం స్నానం చేసే తీరు, వండుకునే తీరు వల్లనే తేమ పుడుతున్నదని భావించింది; అది తమ ఊహేనని తరువాత ఒప్పుకున్నది. మనుషుల అలవాట్లను అడిగి తెలుసుకొని ఇంటిని వారికి తగినట్లు చేయడం ఒకటి, అడగకుండానే ఊహించుకొని వారి మీద నెట్టివేయడం మరొకటి. ఆ బిడ్డ పేరుతో 2023లో చట్టం వచ్చింది. ప్రభుత్వ సాయంతో నడిచే అద్దె ఇళ్ళలో తేమ, బూజుల ఫిర్యాదులను గడువులోగా పరిశీలించి సరిచేయాలన్న నిబంధన 2025 అక్టోబరు నుండి ఇంగ్లండులో అమలులోకి వచ్చింది.

లెస్టర్ ఇంటిలో చేసిన మార్పులు పెద్దవి కావు. బూజు శుభ్రం చేసి, గాలిరంధ్రం తెరిచి, వంటగదిలో, స్నానాల గదిలో తేమను బయటకు లాగే ఫ్యాన్లు పెట్టారు. వెనుక గదిలో రెట్టింపు సామర్థ్యం గల రేడియేటర్ బిగించారు. మిగతా రేడియేటర్ల కవాటాలను కొంత కొంత బిగించి, వేడినీరు వెనుక గదికి సమంగా వెళ్ళేలా చేశారు. థర్మోస్టాట్‌ను తల్లిగారి గదికి మార్చి, ముందు గదిలోని రేడియేటర్‌కు దానికదే మూసుకునే కవాటం అమర్చారు. బాయిలర్ నుండి వెళ్ళే నీటి వేడిని డెబ్భై ఐదు నుండి అరవైకి తగ్గించారు. మాకిది వింతగా తోచింది. చలి అంటుంటే వేడి తగ్గించడమేమిటి? తిరిగి వచ్చే నీరు యాభై ఐదు డిగ్రీల లోపు ఉన్నప్పుడే పొగలోని ఆవిరి నీరై తన వేడిని బాయిలర్‌కు అప్పగిస్తుందట. గ్యాస్ ఆదా అవుతుంది, గది నిలకడగా వెచ్చగా ఉంటుంది.

ఇంటాయన హీట్ పంప్ గురించి కూడా అడిగారు. ఇది బయటి గాలిలోని వేడిని లోపలికి చేరవేసే యంత్రం. మన ఏసీకి తలకిందులు. సరిగా అమర్చితే ఒక యూనిట్ విద్యుత్తుకు మూడు యూనిట్ల వరకు వేడి ఇస్తుంది. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రభుత్వం దీనికి 7,500 పౌండ్ల సాయం ఇస్తున్నది. అయితే ఇది నలభై ఐదు, యాభై డిగ్రీల నీటితోనే బాగా పని చేస్తుంది. అంత తక్కువ వేడికి రేడియేటర్ తన పేరున వ్రాసిన సామర్థ్యంలో సగం కూడా ఇవ్వదు. అందుచేత గదుల వారీ లెక్క లేకుండా దానిని బిగిస్తే చలీ మిగులుతుంది, బిల్లూ మిగులుతుంది. పైగా దానికి వేడినీటి ట్యాంకు కావాలి. మనిషికి సుమారు యాభై లీటర్ల చొప్పున లెక్క వేస్తారు. అక్కడ దానిని సిలిండర్ అంటారు. ఆ మాట విని తల్లిగారు గ్యాస్ బండ అనుకొని కంగారుపడ్డారు. అటకకు ఇంకొంత ఉన్ని పరచి, వెనుక గోడలకు లోపలి నుండి పొర వేయించిన తరువాతే ఆలోచించమని ఆ మనిషి సలహా ఇచ్చాడు. అమ్మడానికి వచ్చినవాడు 'ఇప్పుడే వద్దు' అనడం మేము తరచుగా వినలేదు.

అద్దె ఇంటిలో ఉన్నవారికి ఇన్ని మార్పులు చేతిలో ఉండవు. వారు కూడా గది గదికీ ఉష్ణోగ్రత వ్రాసి పెట్టుకోవచ్చు, బూజు ఫోటోలు తేదీలతో ఉంచుకోవచ్చు, యజమానికి వ్రాతపూర్వకంగా తెలియజేయవచ్చు. బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలని 2022 అక్టోబరు నుండి ఇంగ్లండులో అద్దె ఇళ్ళకు నిబంధన ఉన్నది. అది లేకపోతే అడగండి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. చలికి ఓర్వలేక గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎన్నడూ పెట్టకండి.

మేము తిరిగి వచ్చిన మూడు వారాలకు కోడలి నుండి ఒక ఫోటో వచ్చింది. తల్లిగారి మంచం పక్క గోడకు మేము తెచ్చిన ఉష్ణమాపకం వేలాడుతున్నది. వేళ తెల్లవారుజామున అయిదున్నర, ఉష్ణోగ్రత ఇరవై. శాలువా కుర్చీ మీద మడత పెట్టి ఉన్నది. కింద ఒక వాక్యం: "కుళాయి వేడెక్కేదాకా వచ్చే చన్నీళ్ళను అత్తమ్మ ఇప్పుడు బకెట్లో పట్టి మొక్కలకు పోస్తున్నారు."