ఇంటర్వ్యూ పిల్లకా? తల్లికా?

"ప్రైవేటు బళ్లో సీటు గొడవ పైతరగతుల వాళ్లది, మనకెందుకు?" అని మన సంఘాల్లోనే అంటుంటారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది.

మొన్న మా అక్క కూతురికి తోడుగా కొండాపూర్‌లో ఓ ప్రైవేటు స్కూలుకి వెళ్లాను. ఒకటో తరగతి సీటుకి పిల్లకీ, తల్లిదండ్రులకీ ఇంటర్వ్యూ. వరండాలో ఇరవైమందికి పైగా తల్లులు. పలకరింపులు నవ్వుతూనే మొదలయ్యాయి: ఏ కంపెనీ, ఏ గేటెడ్ కమ్యూనిటీ, ఇంట్లో ఏ భాష? ఎదుటామె తమకంటే పైనో కిందో తేల్చుకోవడానికే ఆ ప్రశ్నలు. లోపలికి వెళ్లొచ్చిన ఒకామెని "ఏమడిగారు?" అంటే "మామూలువే" అని తప్పుకుంది. ఆమెది స్వార్థమని నేననను. ఎంపికకి కొలతేమిటో చెప్పకుండా కూర్చోబెడితే ఎవరైనా నోరు కట్టేసుకుంటారు.

మధ్యాహ్నానికి ఆ నోళ్లు తెరుచుకున్నాయి. భర్త అమెరికాలో ఉన్న ఒకామెని "తండ్రి రాలేదేం?" అని మూడుసార్లు అడిగారట. మా అమ్మాయిని "మీరు నైట్ షిఫ్టు చేస్తే హోంవర్క్ ఎవరు చేయిస్తారు?" అన్నారు. పక్కనున్న అల్లుడిదీ నైట్ షిఫ్టే. అతన్ని జీతమెంతని మాత్రమే అడిగారు! 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఆడవాళ్ల రాత్రి డ్యూటీలతో కూడా కలిసి పెరిగిన ప్రాంతంలో అడిగే ప్రశ్నేనా ఇది? ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటుంటే తెలిసింది, తల్లులందరికీ ఇంచుమించు అదే విచారణ అని.

2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ పిల్లల్నే కాదు, తల్లిదండ్రుల్ని వడపోయడాన్నీ నిషేధించింది. లాటరీ లాంటి పద్ధతి తప్ప మరే ఎంపికా చెల్లదు. జరిమానా మొదటిసారి 25 వేల వరకు, ఆపైన ప్రతిసారీ 50 వేల వరకు. లక్షల్లో ఫీజులు గుంజే బళ్లకి అదే మూలకి? పైగా చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి. నర్సరీలోనే వడపోత కానిచ్చేస్తే దాన్నుంచి జారుకోవచ్చు.

ఆ పూటంతా మా కబుర్లలో చేరనిది వరండా తుడుస్తున్నామె. ఆమెకీ ఆరేళ్ల కూతురుంది. అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు అలాంటి పిల్లలవి. తెలంగాణలో ఏళ్ల తరబడి అది కాగితం మీదే ఉండిపోయింది. ఆమెని గేటు బయటే ఆపేదీ, మా అమ్మాయిని లోపల నిలదీసేదీ ఒకే జల్లెడ. ఇది పైతరగతుల గొడవ ఎలా అవుతుంది?

తల్లి ఒంటరిగా ఫిర్యాదు చెయ్యదు. రేపు పిల్ల ఆ బళ్లోనే చదవాలి మరి. అందుకే ఫిర్యాదు సంఘం పేరుతో వెళ్లాలి. వచ్చే అడ్మిషన్లకి ఆ వరండాల్లో మనమూ కూర్చుందాం. అడిగిన ప్రశ్నలన్నీ తల్లుల పేర్లు లేకుండా రాసి బాలల హక్కుల కమిషన్‌కి ఇద్దాం. తుడిచే ఆమె కూతురి దరఖాస్తు కూడా ఆ కట్టలోనే ఉండాలి.