అత్తగారి బీపీ మాత్ర కోడలికి తగదు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో పెద్దవారున్న ఇంట బీపీ మాత్రలు కనబడడం వింత కాదు. అవే మాత్రలు గర్భిణి అయిన కోడలికీ ఇద్దామనుకునే పెద్దలకోసం ఈ మాటలు రాస్తున్నాము.

బ్రెజిల్‌కు చెందిన ఒక పాము విషంపై 1960లలో జరిగిన పరిశోధన నుండి తర్వాతి దశాబ్దంలో క్యాప్టోప్రిల్ పుట్టింది. రక్తనాళాలను బిగించే పదార్థం తయారుకాకుండా ఇది ఆపుతుంది. నాళాలు సడలి గుండెకు భారం తగ్గుతుంది. మేలైన మందే! అయితే చూడి గొర్రెలకు, కుందేళ్లకు ఇచ్చి చూడగా కడుపులోని పిల్లలు చనిపోయాయి. 1980లోనే ఈ హెచ్చరిక లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడింది. చూడి గొర్రె ఈచుకుపోతే కలిగే బాధ మన కాపరులకు తెలియనిది కాదు.

తల్లికి మేలుచేసే ఆ సడలింపే శిశువుకు ముప్పు. శిశువు రక్తపోటు పడిపోయి మూత్రపిండాలకు రక్తం చాలదు, మూత్రం తగ్గుతుంది. ఉమ్మనీరు చాలావరకు ఆ మూత్రమే కనుక అదీ తరిగిపోతుంది. నాలుగో నెల నుండి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఎనలాప్రిల్, రామిప్రిల్ ఈ కోవవే. టెల్మిసార్టాన్, లోసార్టాన్ పనిచేసే తీరు వేరైనా ముప్పు అదే. కంపెనీ పెట్టిన పేరు కాదు, దానికింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. ఇవి వాడే సోదరీమణులు గర్భం ధరించకముందే డాక్టరుకు చెప్పడం మంచిది. సొంతంగా మానేయడమూ తగదు. అదుపు తప్పిన బీపీ తల్లీబిడ్డలిద్దరికీ అపాయం. గర్భిణులకు లాబెటలాల్, మిథైల్‌డోపా వంటివి ఉన్నాయి. ఏది, ఎంత అన్నది డాక్టరే నిర్ణయించాలి. పరీక్షకు వెళ్లేటప్పుడు మాత్రల అట్టను వెంట తీసుకువెళ్లండి.