అశ్వహృదయం: పందెం ముగిసిన తరువాత

పందెపు గుర్రపు ఆయుర్దాయాన్ని లెక్కవేసి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. థారోబ్రెడ్ జాతి గుర్రం రెండేళ్ళ ప్రాయంలోనే పరుగుకు దిగుతుంది. ఐదారేళ్ళు నిండేసరికి చాలా గుర్రాలకు పందెపు జీవితం ముగిసిపోతుంది. సరిగా సాకితే అదే గుర్రం పాతికేళ్ళు బ్రతుకుతుంది. అంటే జనం పేరుపెట్టి కేకలు వేసి, డబ్బు ఒడ్డి, పత్రికలలో వెతికి చదివే కాలం మూడు నాలుగేళ్ళు. ఎవరికీ పట్టని కాలం ఇరవై ఏళ్ళు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు తరలివచ్చిన పందేలను తరతరాలుగా చూసినవాళ్ళకు గెలిచిన గుర్రాల పేర్లు నోటికి వచ్చి ఉండవచ్చు. అవి తరువాత ఏమయ్యాయో చెప్పగలిగేవారు మాత్రం అరుదు.

గెలుపు కూడా ఆ ఇరవై ఏళ్ళకు హామీ ఇవ్వదు. 1986లో కెంటకీ డెర్బీ గెలిచిన ఫెర్డినాండ్ అనే గుర్రాన్ని సంతానోత్పత్తి కోసం జపానుకు అమ్మారు. అక్కడ ఆ పనికీ గిరాకీ తగ్గిన తరువాత, 2002లో అది కబేళాకు చేరింది. ఈ వార్త 2003లో బయటికి వచ్చి అమెరికాను కలచివేసింది. అంతటి విజేతకే ఆ గతి పడితే, ఒక్క పందెమూ గెలవని గుర్రం సంగతి వేరే చెప్పాలా? దాన్ని కాపాడగలిగేది ఒక్కటే: రెండవ వృత్తి. స్వారీబడిలోనో, దూకుడు పోటీలలోనో, ఒక కుటుంబం దగ్గరో దానికొక చోటు దొరకాలి. ఆ చోటు దొరకాలంటే పరాయి మనిషి చేయి వేసినప్పుడు అది నెమ్మదిగా నిలబడగలగాలి. అందుచేత పందెం మానిన గుర్రానికి మర్యాద నేర్పడమంటే దాని ప్రాణానికి రక్షణ కల్పించడమే.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. పందెపు గుర్రానికి మర్యాద తెలియదనడం అన్యాయం. దానికి తెలిసిన మర్యాద వేరొక బడిలో నేర్చినది.

పందెంలో జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటే గుర్రం కళ్ళెం మీద బరువు మోపి మరింత వేగం పుంజుకుంటుంది. ఇది దానికి నేర్పిన పాఠం. తరువాత ఒక కొత్త రౌతు ఎక్కుతాడు. అది కాస్త తొందరపడగానే భయపడి పగ్గాలు లాగుతాడు. ఆగమని అతని భావం. పరుగెత్తమని దానికి అర్థం. గుర్రం విధేయంగా దౌడు తీస్తుంది, మనిషి దాన్ని మొండిదంటాడు. అలాగే, జాకీని మరొకరు కాలు పట్టుకుని జీను మీదికి ఎగదోస్తారు. అప్పుడు గుర్రం తరచు నడుస్తూనే ఉంటుంది. రికాబులో పాదం పెట్టి తీరిగ్గా ఎక్కే మనిషికోసం కదలకుండా నిలబడటం దానికి ఎవరూ నేర్పలేదు. జాకీ మోకాళ్ళు ముడుచుకుని పైకి కూర్చుంటాడు కనుక, పక్కలను చుట్టుకునే పొడుగుకాళ్ళ స్పర్శ దానికి కొత్త. అమెరికా పందేలు దాదాపు అన్నీ ఎడమవైపే తిరుగుతాయి. అక్కడ పెరిగిన గుర్రానికి కుడివైపు వంపు తిరగడం కష్టమైతే అందులో దాని తప్పేముంది? సాధనకు ఎప్పుడూ గుంపుతో వెళ్ళిన గుర్రం ఒంటరిగా బయటికి తీసుకుపోతే సకిలించి గింజుకుంటుంది. దానికి తెలిసిన లోకమంతా ఒక్కసారి మాయమైపోయింది మరి.

కాబట్టి దీన్ని భాష మారిన ఊరిలో దిగిన మనిషిగా భావించాలని నా మనవి. మాట అర్థంకాని అతిథి మీద గొంతు పెంచితే భాష రాదు.

పాఠానికి ముందు దేహాన్ని చూడాలి. శిక్షణలో ఉన్న పందెపు గుర్రాలు రోజులో అత్యధిక భాగం కొట్టంలోనే గడుపుతాయి. గింజల దాణా ఎక్కువ, మేత తక్కువ. గుర్రపు కడుపులో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది. రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి మేయడానికి ఏర్పడిన అవయవమది. అందువల్ల ఈ గుర్రాలలో కడుపుపుండ్లు బహుసాధారణం. జీనుపట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి వాల్చి కరవబోయే గుర్రాన్ని దుష్టాశ్వమని కొట్టేముందు పశువైద్యుణ్ణి పిలవడం న్యాయం. పళ్ళు, వెన్ను, గిట్టలు చూపించాలి. దాణా తగ్గించి గడ్డి పెంచాలి. తోడు గుర్రంతో బయలులో తిరగనివ్వాలి. కొన్ని వారాలు, అవసరమైతే కొన్ని నెలలు, ఏమీ అడగకుండా ఉండాలి. నొప్పిని మొండితనమని పొరబడినచోట ఎంతటి శిక్షకుడైనా విఫలుడే.

ఇక నమ్మకం మాట. దీని గురించి రెండు వర్గాలు గట్టిగా మాట్లాడతాయి. గుర్రానికి యజమాని ఎవరో తెలియజెప్పాలి, లొంగదీయాలి అని ఒక వర్గం. ప్రేమిస్తే చాలు, అదే మారుతుంది అని మరొక వర్గం. మొదటివారి చేతిలో గుర్రం భయంతో బిగుసుకుపోతుంది. దాన్నే వారు వినయమంటారు. రెండవవారు జేబునిండా క్యారెట్లు పెట్టుకుని వెళ్ళి, కొద్దిరోజులకు ఆ జేబులను వెతుకుతూ మనిషిని నెట్టే గుర్రాన్ని తయారుచేస్తారు. ఇద్దరూ గుర్రాన్ని గూర్చి కన్నా తమను గూర్చే ఎక్కువ ఆలోచిస్తున్నారని నాకనిపిస్తుంది.

నమ్మకమంటే, నా దృష్టిలో, ఒక సంకేతానికి ఎల్లప్పుడూ ఒకే అర్థం ఉండటం. తాడు పట్టి నడిపించడమే తీసుకోండి. మనిషి ఆగితే గుర్రం ఆగాలి. తాడు మీద కొద్దిపాటి ఒత్తిడి పెడితే ఒక అడుగు వెనక్కి వేయాలి. వేసిన ఆ క్షణంలోనే ఒత్తిడి తొలగిపోవాలి. రహస్యమంతా ఆ తొలగించడంలో ఉంది. సరైన సమాధానం చెప్పినా ఒత్తిడి తగ్గకపోతే గుర్రానికి ప్రశ్నే అర్థం కాదు. మనిషిని తోసుకుపోయినందుకు ఈరోజు ఊరుకుని, రేపు అదే పనికి కొరడా తీస్తే, అది నేర్చుకునేది మనిషి నిలకడలేనివాడని మాత్రమే. రోజుకు పది నిమిషాలు, ఒకే చేయి, ఒకే క్రమం, బాగా చేసిన చోట ఆపివేయడం. వినడానికి చప్పగా ఉంటుంది. కానీ గుర్రానికి చప్పదనమే అభయం.

మన ప్రవర్తనను గుర్రం ఎంతగా గమనిస్తుందో ఇప్పుడు శాస్త్రజ్ఞులు కూడా చూపారు. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన పరిశోధనలో, కోపంగా ఉన్న మనిషి ముఖచిత్రాన్ని చూసిన గుర్రాల గుండెవేగం త్వరగా పెరిగింది. 2018లో మరొక అడుగు వేశారు. ఒక మనిషి కోపపు ఛాయాచిత్రాన్నో, నవ్వు చిత్రాన్నో గుర్రానికి చూపి, కొన్ని గంటల తరువాత ఆ మనిషినే మామూలు ముఖంతో ఎదుట నిలిపారు. తన ఏ చిత్రాన్ని గుర్రం చూసిందో ఆ మనిషికి తెలియదు. గుర్రానికి మాత్రం గుర్తుంది. దానికి తగినట్టే ప్రవర్తించింది. ఫ్రాన్సులో జరిగిన 1993 నాటి అధ్యయనం ఒకటి, గుర్రాలు ఒకదానినొకటి గీరుకునే మూపుభాగంలో మనిషి గీరినా గుండెవేగం తగ్గుతుందని తేల్చింది. మెడమీద చప్పుడయ్యేలా చరచడం మనకు మెచ్చుకోలు. మూపు దగ్గర నెమ్మదిగా గీరడం దాని భాషలో మెచ్చుకోలు.

పూర్వులకు ఈ సంగతి తెలియదనుకోకూడదు. రెండువేల మూడువందల ఏళ్ళ క్రితమే గ్రీకు సేనాని జెనొఫన్, కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దని వ్రాశాడు. మన భారతకథలో నకులుడు విరాటుని కొలువులో అశ్వపాలకుడిగా చేరుతూ, చెడ్డ గుర్రాలను దిద్దే విద్య తనకు తెలుసునని చెప్పుకున్నాడు. నన్నయ తెనిగించిన నలోపాఖ్యానంలో బాహుకుడు బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకుంటే ఋతుపర్ణుడు సందేహిస్తాడు. పైపై రూపం చూసేవాడు రాజు, లోపలి శక్తి చదవగలిగేవాడు సారథి. అతని విద్యకు పేరు అశ్వహృదయం. గుర్రపు విద్యకు మనవాళ్ళు కళ్ళెం పేరో, కొరడా పేరో పెట్టలేదు, హృదయమని పెట్టారు. ఆ పేరులోనే శిక్షణకు కావలసిన సూత్రం ఇమిడి ఉంది.

నాలుగైదు వందల కిలోల జంతువుతో ఇంత సున్నితం పనికిరాదు, ప్రమాదం అని కొందరంటారు. ప్రమాదమన్న మాట నిజమే. హద్దులు తెలియని గుర్రం మనిషి కాలు తొక్కుతుంది, ఎముకలు విరుస్తుంది. హద్దులు గీయవద్దని నేననడం లేదు. గీసిన హద్దు రోజూ ఒకేచోట ఉండాలంటున్నాను. మరికొందరు ఖర్చు సంగతి ఎత్తుతారు. ఈ పనికి నెలలు పడతాయి, నెలనెలా మేత, వైద్యం, లాడాలు, జీతాలు. ఈ అభ్యంతరానికి నా దగ్గర మెత్తని సమాధానం లేదు. దాని వేగం మీద సంపాదించినవారే దాని విశ్రాంతికి చెల్లించాలి. బ్రిటిష్ పందేల రంగం 2000లో ఇందుకోసమే ఒక ధర్మసంస్థను స్థాపించింది. అమెరికాలో 2012లో థారోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్ ఏర్పడింది. మనదేశంలో పందేలు నడిపే క్లబ్బులు కూడా ప్రతి బహుమతి సొమ్ములోంచి ఒక వాటా దీనికి కేటాయించడం ధర్మమని నా అభిప్రాయం.

ఫలితం ఉంటుందా అనేవారికి ఒక్క ఉదాహరణ చాలు. నెవిల్ బార్డోస్ అనే గుర్రం ఆస్ట్రేలియా పందేలలో వెనకబడినది. రౌతు బాయిడ్ మార్టిన్ దాన్ని 850 డాలర్లకు కొన్నాడు. అదే గుర్రం 2010లో ప్రపంచ పోటీలలో పరుగు, దూకుడు, నడకల స్పర్ధలో పాల్గొన్నది. 2011లో కొట్టం తగలబడి పొగలో చిక్కుకుని బ్రతికి, అదే ఏడు ఇంగ్లండులో బర్లీ పోటీకి వెళ్ళి ఏడవ స్థానంలో నిలిచింది.

అన్ని గుర్రాలూ అంత దూరం వెళ్ళనక్కరలేదు. ఒక పిల్లవాడు జీను వేస్తుంటే నిలబడటం, ఒంటరిగా చెరువుగట్టు దాకా నడిచి రావడం, లాడం కొట్టేవాడికి కాలు అందించడం చాలు. ఇవి వస్తే దానికి ఇల్లు దొరుకుతుంది. రాకపోతే చేతులు మారుతూ మారుతూ కబేళా దారి పడుతుంది. ఈ రెంటిమధ్య ఉన్న దూరం కొన్ని నెలల ఓపిక మాత్రమే.