అమ్మేవాని తక్కెడతోనే తూకమా?

వెంకటగిరికోట: ఇంటి దగ్గరే తూచి తెచ్చానని అమ్మేవాడు చెబితే మన మండీలో ఎవరూ ఒప్పుకోరు. సరుకు మళ్ళీ కాటా ఎక్కవలసిందే. కోట్ల రూపాయల పథకాలకు మాత్రం ఈ పద్ధతి లేదు.

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పథకాలకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం. అందుకు కావలసిన ప్రభావ అంచనా నివేదికను వ్రాసే సలహా సంస్థను ఎంచుకునేదీ, ఫీజు చెల్లించేదీ పథకం చేపట్టేవారే. ఆ సంస్థలకు గుర్తింపు వుండాలన్న నిబంధన వున్న మాట నిజమే. కాని గుర్తింపు అర్హతకే హామీ, స్వతంత్రతకు కాదు.

సోమల మండలం ఆవులపల్లె రిజర్వాయరు సంగతి వర్తకులకు తెలిసినదే. దానికి రాష్ట్రస్థాయి అధికార సంస్థ ఇచ్చిన అనుమతిని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచి 2023 మే 11న రద్దు చేసింది. 3.5 టి.ఎం.సి. సామర్థ్యాన్ని 2.5గా చూపారని తప్పుపట్టి, జలవనరుల శాఖకు రూ.100 కోట్ల జరిమానా విధించింది. జరిమానా వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పథకంతో సంబంధం లేని మదింపుదారుడు ముందే లెక్క చూసివుంటే ఆ ఒక్క టి.ఎం.సి. తేడా కాగితం మీదే బయటపడేది.

నీళ్ళు వస్తుంటే ఈ అభ్యంతరాలెందుకని మన వర్తకులలోనే కొందరంటారు. బోర్లపై బ్రతికే ఈ ప్రాంతానికి నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. 2023 జూలై చివర మదనపల్లెలో టమాటా కిలో రూ.200 దరిదాపులకు పోయి, కొద్ది వారాలకే పతనమైంది. ఇటువంటి మార్కెట్‌లో నిలకడగా సరుకు రావాలంటే నీరు కావలసిందే. అయితే పని మొదలయ్యాక రద్దయ్యే అనుమతిని నమ్ముకుని రైతుకు అడ్వాన్సు ఇచ్చిన మండీదారు గతేమిటి? ఆలస్యమైన అనుమతి కంటే రద్దయిన అనుమతికే నష్టమెక్కువ. కౌండిన్య అభయారణ్యం అంచున ఏనుగులు పంట తొక్కితే తగ్గేది మన మండీ రాబడే కనుక, అడవి లెక్క కూడా మన ఖాతాలోదే.

చేయవలసినది పెద్ద కష్టమేమీ కాదు. పథకదారుడు ఫీజును ఒక ప్రత్యేక నిధికి జమ చేయాలి. మదింపుదారుని గుర్తింపు పొందిన జాబితా నుండి వంతుల వారీగా ప్రభుత్వం నియమించాలి. సారాంశమే గాక పూర్తి నివేదికను తెలుగులో మార్కెట్ కమిటీ కార్యాలయాలలో వుంచాలి. బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల నోటీసు ఇస్తారు. వర్తక సంఘాలు ఈలోగా రాబడి లెక్కలు సిద్ధం చేసుకుని ఆ విచారణకు హాజరు కావాలి.